డాబా మీద పన్నెండు గ్రో బ్యాగులు: 26 నెలల లెక్క

2023 జూన్ ఆఖరి వారంలో ఆన్‌లైన్‌లో పన్నెండు గ్రో బ్యాగులు, అంటే మట్టి పోసి మొక్కలు పెంచుకునే ప్లాస్టిక్ సంచులు, తెప్పించుకున్నాను. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, పైన ఆకుపచ్చ, లోపల నలుపు, 260 జీఎస్ఎం (గుడ్డ ఎంత దట్టమో చెప్పే లెక్క) అని రాసి ఉంది. మొత్తం 948 రూపాయలు, అంటే ఒక్కోటి 79. ఇప్పటికి 26 నెలలు వాడాను. బ్యాగు వచ్చిన రెండో రోజే ఫోటో పెట్టి ఐదు స్టార్లు ఇచ్చిన రివ్యూలు చూసే నేనూ కొన్నాను. రెండు ఎండాకాలాలు గడిచాక అదే బ్యాగు ఎలా ఉంటుందో అక్కడ ఒక్కరూ రాయలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. గ్రో బ్యాగు పనికొచ్చే వస్తువే. కానీ ఒకేసారి పన్నెండు కొనకండి, ఆకుకూరల కోసమైతే ఈ సైజు కొనకండి, మట్టి మాత్రం అస్సలు కొనకండి. నా డబ్బు పోయింది బ్యాగులో కాదు, బ్యాగులో పోసినదాంట్లో.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి వెనక చిన్న పెరడు ఉండేది, ఒక మునగ చెట్టు, రెండు అరటి గుబుర్లు, బావి గట్టు పక్కన వంగ, మిరప. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మునగ మొదలంటా పడిపోయింది, అరటి నేలకి అంటుకుపోయింది. ఆ తర్వాత ఆ జాగాలో అద్దెకివ్వడానికి ఒక గది వేశాం. అద్దె వస్తోంది, అది కావాలి కూడా, కానీ అంతవరకూ పెరట్లోంచి ఊరికే వచ్చే కరివేపాకు దగ్గర్నుంచి ములక్కాడ దాకా అన్నీ కొనుక్కోవాల్సి వచ్చింది. మా ఆయన ప్రైవేటు స్కూల్లో టీచరు. ఒకటో తారీఖున డబ్బు చేతికి రాగానే నోటుబుక్కులో గళ్లు గీసి పెట్టుకుంటాను, కూరగాయల గడిలో 2,400 వేస్తాను. అది దాటిందంటే ఆ నెల ఇంకో గడిలోంచి తీయాలి, ఎప్పుడు చూసినా అది నూనె గడో పాల గడో అవుతుంది.

మా దగ్గర ఇంకో సంగతి ఉంది. కార్తీకంలో తెలుగువాళ్లూ నీచు మానేస్తారు, ఒడియావాళ్లూ మానేస్తారు. వాళ్ల కార్తీకం కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) మర్నాడు మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది, మనది దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా ఉంటుంది, రెండూ కలిపితే నెలన్నర. ఆ నెలన్నరా మా బజార్లో కూరగాయల ధర కిందకి దిగదు. మామూలు రోజుల్లో 10 రూపాయలకి ఇచ్చే తోటకూర కట్టని సగం చేసి అదే 10కి ఇస్తారు. డాబా మీద ఏదైనా పెంచాలని నాకు గట్టిగా అనిపించింది ఆ కట్ట చేతిలో పట్టుకున్నప్పుడే.

బ్యాగు సంగతికి వస్తాను. కొత్తలో చాలా బాగుంది. నిలబెడితే నిలబడుతుంది, అడుగున నీళ్లు పోవడానికి రింగులు బిగించిన కన్నాలు ఉన్నాయి, రెండు పక్కలా చెవుల్లాగా పట్టుకోవడానికి పట్టీలు కుట్టారు. ఒక్కో దాంట్లో 43 లీటర్ల మట్టి పడుతుంది. ఈ 43 అన్న అంకె కొనేముందు నేను చూసుకోలేదు, చూసుకుని ఉండాల్సింది. పన్నెండు బ్యాగులంటే 500 లీటర్ల పైన మట్టి కావాలి, అది ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించకుండా బ్యాగులు మాత్రం తెప్పించేశాను.

అప్పటికి తోచింది ఏమిటంటే కుండీల దుకాణంలో రెడీగా కలిపి అమ్మే మట్టి. 10 కిలోల ప్యాకెట్టు 180. ఎనిమిది ప్యాకెట్లు తెస్తే మూడంటే మూడు బ్యాగులు నిండాయి. 1,440 రూపాయలు! అంటే 79 రూపాయల బ్యాగు నిండడానికి 480 రూపాయల మట్టి. ఆ లెక్కన పన్నెండూ నింపితే 5,760 అయ్యేది, మా ఇంట్లో రెండు నెలల కూరగాయల డబ్బు కన్నా ఎక్కువ. ఆ రాత్రి లెక్క రాస్తుంటే కడుపులో తిప్పినట్టయింది. మా ఆయన ఏమీ అనలేదు, అత్తయ్య మాత్రం పుస్తకం చూసి, "మిగతావి అలాగే మడిచి పెట్టమ్మా, తొందరేంటి" అన్నారు.

ఆ వారం సంతలో కొండ చిక్కుడు గింజలు కొంటూ, కొండ మీంచి దిగి వచ్చే సవర తెగ ముసలమ్మతో ఈ మాట చెప్పాను. ఆవిడ తూకం ఆపేసి నా మొహం చూసి, "ఏటమ్మా, మట్టి కూడా కొనీసినారా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆవిడే చెప్పింది, అడుగున కొబ్బరి డొప్పలు, ఎండాకులు దట్టంగా వేసి పైన మట్టీ గత్తం (పశువుల పేడ ఎరువు) కలిపి పోసుకోమని, ఆకులు కుళ్లి కిందకి దిగేకొద్దీ పైన మళ్లీ వేసుకోమని.

మిగతా తొమ్మిది బ్యాగులూ అలాగే నింపాను. మా వీధిలో ఒకరు ఇంటి పునాదులు తవ్వుతుంటే అడిగాను, మట్టికి డబ్బు తీసుకోలేదు, ట్రాలీ ఆటోకి 300 అయింది. ఊరి బయట ఆవులున్న వాళ్ల దగ్గర బాగా చివికిన గత్తం మూడు బస్తాలు, బస్తా 70 చొప్పున 210. వేపపిండి రెండు కిలోలు 90. అంతా కలిపి 600, బ్యాగుకి 67 పడింది. గత్తం కొనేటప్పుడు చేత్తో తీసి వాసన చూడండి, పేడ వాసన వస్తే ఇంకా పచ్చిదే, అందులో విత్తనం వేస్తే మొలక మాడిపోతుంది. తొలకరిలో తడిసిన నేల వాసన వచ్చి, పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలేదే మంచిది.

480 పెట్టి నింపినవాటికీ 67 పెట్టి నింపినవాటికీ తేడా ఉందా అంటే, ఉంది, మొదటి మూడు నెలలు. కొన్న మట్టి తేలిగ్గా ఉంది, మొక్క త్వరగా అందుకుంది. మొదటి ఎండాకాలం వచ్చేసరికి ఆ కొన్న మట్టే ముందు కుంగిపోయింది, అందులో కలిపిన కొబ్బరి పొట్టు ఎండి గట్టిగా ముద్దకట్టి, పోసిన నీళ్లు అంచుల వెంట జారి కిందకి పోయాయి. గత్తం కలిపిన బ్యాగులు అలా చేయలేదు. ఇప్పుడు ఉన్న బ్యాగులన్నిట్లోనూ ఒకటే మిశ్రమం.

మొదటి ఏడాది ఇంకో తప్పు చేశాను. 2023 జులైలో టమాటా కిలో 200 దాటిన ఊళ్లున్నాయి, టీవీలో రోజూ అదే. ఆ భయంతో ఐదు బ్యాగుల్లో టమాటా నారు పెట్టాను, కర్రలు పాతి, పక్కకొమ్మలు గిల్లి, పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాను. నా చెట్లు కాపుకి వచ్చేసరికి సంతలో కిలో 20. ఐదు మొక్కల మీద మొత్తం వచ్చింది, ఆ రోజు ధర కట్టి రాసుకుంటే 95 రూపాయలు. తిండికి రుచిగా ఉన్నాయి, కాదనను, కానీ అవి ఐదు నెలలు ఐదు బ్యాగుల్ని పట్టుకుని కూర్చున్నాయి. మండే ఎండల్లో పూత రాలిపోతుంది కాబట్టి రెండో కాపు ఆశ కూడా లేదు.

డబ్బు మిగిల్చినవి ఆకుకూరలు. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తోటకూర చల్లిన నెల లోపే కోతకి వస్తుంది, పీకకుండా నాలుగు వేళ్ల ఎత్తులో కోస్తే మళ్లీ పక్కన్నుంచి చిగురిస్తుంది. పాలకూర అంతే. గోంగూర గింజలు పాతపట్నం వెళ్లినప్పుడు తెచ్చాను, మహేంద్రతనయ నది దాటితే అదే కదా, ఒక్కసారే కొన్నాను, ఏటా ఒక మొక్కని కోయకుండా ఎండనిచ్చి ఆ గింజలే వాడుతున్నాను. మెంతికూరకి వంటింటి డబ్బాలో మెంతులే చాలు, కొత్తిమీరకి ధనియాలు అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, నలపకుండా చల్లితే సగం మొలవవు. వీటికి విత్తనాల ప్యాకెట్లు కొనడం దండగ.

బచ్చలి సంగతి వేరే చెప్పాలి. పక్కింటి మౌసీ వాళ్ల గోడ మీద పాకుతుంది, వాళ్లు పోయి శాగ అంటారు, చిన్న రొయ్యలు వేసి వండుతారు. జానెడు కాడ ఒకటి విరిచి ఇచ్చింది, గుచ్చాను. ఇరవై రోజుల్లో తీగ సాగింది, ఇప్పుడు డాబా పిట్టగోడ మీద పన్నెండు అడుగులు పాకింది. దానికి నేను పెట్టిన ఖర్చు సున్నా. మళ్లీ మౌసీ తన బచ్చలికి పురుగు పట్టినప్పుడు నా దగ్గరికే వచ్చి కోసుకెళ్లింది.

వంగ కూడా బాగా చేసింది. బ్యాగుకి ఒక్కటే మొక్క, కాపు తగ్గాక మోకాలి కిందకి నరికి గత్తం వేస్తే కొత్త కొమ్మలతో మళ్లీ కాసింది, ఒక మొక్క పదహారు నెలలు ఉంది. ఈ 15 అంగుళాల లోతు నిజంగా అక్కరకొచ్చింది వంగకి, మిరపకి, ఆనపకి. ఆనప పెట్టేవాళ్లకి ఒక మాట: పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, డాబా మీదకి ఆ వేళ పురుగూ పుట్రా అంతగా రావు, పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతుంటే ఎరువు తక్కువైందనుకుని నేను గత్తం మీద గత్తం వేశాను. కావలసింది గత్తం కాదు, మగపువ్వు తెంపి పిందె ఉన్న పువ్వుకి మన చేత్తో అద్దడమే.

ఆకుకూరలకి మాత్రం ఈ సైజు తప్పు. వాటి వేళ్లకి ఏడెనిమిది అంగుళాల లోతు చాలు, కింద సగం మట్టి ఊరికే బరువు. ఇవే బ్యాగులు 18 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తులో కూడా దొరుకుతాయి. అందులో పట్టేది 37 లీటర్ల చిల్లర, అంటే మట్టి తక్కువ, విత్తనం చల్లుకునే జాగా మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆకుకూరకి కావలసింది జాగా. కొనేముందు కాగితం మీద ఈ గుణకారం వేసుకుని ఉంటే బాగుండేది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. 2024 సెప్టెంబరులో, అంటే కొన్న పదిహేనో నెలలో, వంగ ఉన్న బ్యాగుని నీడలోంచి జరుపుదామని రెండు చెవులూ పట్టుకుని కొంచెం లేపాను. ఎడమ పక్క పట్టీ ఊడి నా చేతిలోకి వచ్చేసింది. పట్టీ బాగానే ఉంది, కుట్టిన దారమే పోయింది, మిగిలిన దారాన్ని బొటనవేలితో నలిపితే ముగ్గులా రాలింది. బ్యాగు పక్కని రుద్దితే వేళ్లకి ఆకుపచ్చటి పొడి అంటుకుంది, అందులో వెంట్రుకల్లాంటి సన్నటి పీచులు. దక్షిణం ఎండ నేరుగా పడే వైపున్న నాలుగు బ్యాగులు ఇలాగే ఉన్నాయి, రెండింటికి అడుగు కుట్టు కూడా విడిపోయి మట్టి కారుతోంది. పిట్టగోడ నీడ పడే ఎనిమిదీ ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఎండకి తట్టుకునే యూవీ మందు కలిపామని అమ్మేవాళ్లు రాస్తారు, ఆ మందు తక్కువైతే నేసిన ప్లాస్టిక్ ఇలాగే పొడి అయిపోతుంది. ఆ పొడి మనం తినే మొక్క మట్టిలో పడడం నాకు అస్సలు నచ్చలేదు.

అమ్మినవాళ్లకి రాశాను. తిరిగి ఇచ్చే గడువు ఏడు రోజులే అని జవాబు వచ్చింది. ఫోటోలు పంపాను, అదే జవాబు మళ్లీ వచ్చింది. ఏడు రోజుల్లో ఈ వస్తువు బండారం ఎవరికీ తెలియదు, ఏడాది దాటితేనే తెలుస్తుంది, కాబట్టి ఆ గడువు వల్ల కొనేవాళ్లకి వచ్చే లాభమేమీ లేదు.

అయితే ఏడు రోజుల్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది, అది నాకు ఆలస్యంగా తట్టింది. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. చిరిగిన బ్యాగు అడుగున, ఎండ తగలని చోట, స్కేలు పెట్టి పది సెంటీమీటర్లకి పది సెంటీమీటర్ల ముక్క కత్తిరించాను. 260 జీఎస్ఎం అయితే ఆ ముక్క 2.6 గ్రాములు తూగాలి. మా వీధి చివర బంగారం పనిచేసే ఆయన త్రాసు మీద పెడితే 1.7 చూపించింది. అంటే 260 అని డబ్బు తీసుకుని ఇచ్చింది 170. ఇంకో ముక్క కోసి పెట్టినా అంతే. మీకు బ్యాగు కోయక్కర్లేదు. 15కి 15 బ్యాగు నిజంగా 260 అయితే ఖాళీ బ్యాగు సుమారు 150 గ్రాములు ఉండాలి, 170 దైతే 100 గ్రాముల చుట్టూ ఉంటుంది. వంటింటి త్రాసు చాలు, లేదంటే వీధి చివర కిరాణా కొట్టుకి పట్టుకెళ్లండి. పార్సిల్ విప్పిన రోజే తూచి, తక్కువుంటే ఆ ఫోటోతో సహా వెంటనే వెనక్కి పంపేయండి.

చిరిగిన నాలుగింట్లో రెండు తీసేశాను. మిగతా రెండింటిని చేపల వలలు అల్లే నైలాన్ దారం 20 రూపాయలకి తెచ్చి దబ్బనంతో అడుగు మళ్లీ కుట్టాను, నీడ వైపుకి మార్చాను, బచ్చలి వాటిలోనే ఉంది. కొత్త బ్యాగు కొన్నప్పుడు కూడా వాడకముందే ఆ కుట్ల మీద ఇంకో వరస కుట్టుకుంటే మంచిదని నా సలహా, బ్యాగుకి పది నిమిషాల పని.

బరువు సంగతి కొనేముందే చూసుకోండి. తడి మట్టితో ఒక్కో బ్యాగు 40 కిలోల పైనే, పన్నెండూ కలిపితే అర టన్ను. మనుషులు తిరిగే డాబాకి మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల లెక్క కడతారని సివిల్ పని చేసే మా బావగారు చెప్పారు, మధ్యలో గుంపుగా పెట్టొద్దు, కింద గోడలూ దూలాలూ ఉన్న వరసలోనే పెట్టమన్నారు. నేను మొదట నేరుగా నేల మీద పెట్టాను. ఆ వానాకాలమే వంటింటి పైకప్పులో పళ్లెమంత చెమ్మ మచ్చ. బ్యాగులు జరిపి చూస్తే కింద పాచి, నీళ్లు పోయే దారి లేక అక్కడే నిలిచిపోయాయి. అప్పటినుంచి ఒక్కో బ్యాగు కింద రెండేసి ఇటుకలు, కింద చీపురు వెళ్లేంత సందు. మచ్చ మళ్లీ రాలేదు.

నీళ్లు ఎండాకాలంలో గట్టిగానే అడుగుతాయి. మే నెలలో పన్నెండు బ్యాగులకి 15 లీటర్ల బకెట్లు నాలుగు పట్టేవి, రోజుకి 60 లీటర్లు, అదంతా మెట్ల మీదుగా మోయాలి. మట్టి మీద మూడు వేళ్ల మందాన ఎండాకులు పరిచాక రెండున్నర బకెట్లకి దిగింది. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగినవి, కూరగాయలు కడిగినవి ఒక బకెట్టులో పోగేస్తే రోజుకి సగం బకెట్టు అదే అవుతుంది. సబ్బు నీళ్లు మాత్రం పోయకండి.

ఎరువుకి ఇప్పుడు డబ్బు పెట్టడం లేదు. ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన 20 లీటర్ల పెయింటు డబ్బాలు రెండు ఉన్నాయి, కడ్డీ కాల్చి చుట్టూ కన్నాలు పెట్టాను. తొక్కలు ఒక గుప్పెడు వేస్తే ఎండాకులు రెండు గుప్పెళ్లు, వారానికోసారి పుల్లమజ్జిగ చిలకరించి కర్రతో కలపడం. ఒకటి నిండాక మూత పెట్టి పక్కన ఉంచి రెండోది మొదలుపెడతాను, రెండున్నర నెలల్లో నల్లటి పొడి తయారవుతుంది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండాకు వేస్తే మర్నాటికి పోతుంది. తెల్లటి పురుగులు కనిపిస్తే భయపడి పారేయకండి, అవే ముందు తిని చివికిస్తాయి. పదిహేను రోజులకోసారి జీవామృతం పోస్తాను. పొలానికి ఎకరాకి 200 లీటర్ల లెక్క చెప్తారు కదా, దాన్ని యాభైతో భాగించుకుంటే 4 లీటర్ల నీళ్లు, 200 గ్రాముల పేడ, 200 మిల్లీలీటర్ల గోమూత్రం, 40 గ్రాముల బెల్లం, 40 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి. రెండు రోజులు నీడలో ఉంచి పూటకోసారి కలిపి, పదింతల నీళ్లు కలిపి పోయాలి. పాడి ఉన్న ఇల్లు దగ్గరలో ఉంటే దీనికయ్యేది బెల్లం, పిండి ఖర్చే.

ఇక లెక్క. కోసిన ప్రతిసారీ ఆ రోజు బజారు ధర కట్టి పుస్తకంలో రాశాను, నచ్చినట్టు ఎక్కువ వేసుకోలేదు. మొదటి ఏడాది, 2023 జులై నుంచి 2024 జూన్ దాకా, ఆకుకూరలు 1,710, వంకాయలు 520, బీర ఆనప కలిపి 310, మిరపకాయలు 240, టమాటా 95, మొత్తం 2,875. ఖర్చు చూస్తే బ్యాగులకి, మట్టికి కలిపి 2,988, మీదట విత్తనాలు, గత్తం, వేపనూనె 440, అంటే 3,428. ఏడాదంతా చాకిరీ చేసి 553 రూపాయలు చేతినుంచి పడింది. రెండో ఏడాది టమాటా మానేసి ఎనిమిది బ్యాగులు ఆకుకూరలకే ఇచ్చాను, సెప్టెంబరు ఆఖర్లో చల్లి కార్తీకం మొత్తానికి అందేలా చూసుకున్నాను. 4,150 వచ్చింది, ఖర్చు 260. రెండేళ్లకీ కలిపి మిగిలింది 3,337, నెలకి 139.

నెలకి 139 అంటే దాదాపు ఒక లీటరు నూనె ప్యాకెట్టు. ఇంతకన్నా పెద్ద అంకె చెప్పే వీడియోలు చాలా చూశాను, వాళ్లు మట్టి ఖర్చు రాయరు, ధర మాత్రం సూపర్ మార్కెట్‌ది కడతారు. నాకు ఈ 139 విలువైనదే, ఎందుకంటే అది ప్రతి నెలా వస్తోంది, పైగా ఏ రాత్రి ఇంట్లో కూర లేకపోయినా పైకి వెళ్లి గుప్పెడు ఆకు కోసుకొస్తే పప్పులోకి సరిపోతుంది. పుస్తకంలో రాయలేనిది ఇంకొకటి ఉంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి, అయినా పొద్దున్నే నెమ్మదిగా మెట్లెక్కి ఒక అరగంట అక్కడ కూర్చుని ఎండుటాకులు గిల్లుతారు, పెరడు పోయాక ఆవిడ అంత తేలిగ్గా ఉండడం నేను మళ్లీ చూస్తున్నది ఇప్పుడే.

బ్యాగుల బదులు వేరేవి కూడా వాడి చూశాను. ఖాళీ సిమెంటు సంచి 5 రూపాయలకి దొరుకుతుంది, బాగా ఉతికి వాడితే ఒక వానాకాలం, ఒక చలికాలం పనిచేస్తుంది, మార్చి ఎండ తగిలితే చిరుగుతుంది, కాబట్టి నాలుగు నెలల పంటకైతే సరే. పెయింటు డబ్బా మిరపకి చాలా బాగుంది, పెయింటర్ దగ్గర 40 పెడితే వస్తుంది, రెండేళ్లయినా నాది చెక్కుచెదరలేదు. అన్నిటికన్నా నచ్చింది కుమ్మరి దగ్గర 150 పెట్టి కొన్న వెడల్పాటి మట్టి తొట్టి. మే నెలలో మధ్యాహ్నం బ్యాగు పక్కన చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, ఆ తొట్టి చల్లగా ఉంటుంది, అందులో కొత్తిమీర ఏప్రిల్ దాకా నిలిచింది. బరువు ఎక్కువ, కోతి తోస్తే పగులుతుంది, ఆ రెండే దాని లోపాలు.

ఈ బ్యాగులకి నేనిచ్చేది ఐదుకి రెండున్నర. రాసిన జీఎస్ఎం నిజమై ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 18కి 9 సైజువి మూడే మూడు కొనండి, తూచి చూసుకోండి, ఒకదాంట్లో తోటకూర, ఒకదాంట్లో పాలకూర, ఒకదాంట్లో గోంగూర వేయండి, బచ్చలి ఏదైనా పాత డబ్బాలో గుచ్చండి. ఆరు నెలలు కోసి తిన్నాక ఇంకా కావాలనిపిస్తే అప్పుడు పెంచుకోండి. నేను పోయిన వారం అవే మూడు తెప్పించాను, విప్పగానే తూచాను. 18కి 9 అయితే 260 లెక్కన సుమారు 130 గ్రాములు రావాలి. రెండు 134, 136 ఉన్నాయి, మూడోది 109. ఆ మూడోదాన్ని త్రాసు మీద ఉండగానే ఫోటో తీసి వెనక్కి పంపించాను, ఈసారి డబ్బు నాలుగు రోజుల్లో వచ్చేసింది.